డబ్బు లేనప్పుడు మనిషికి విలువ ఎక్కడుంటుంది? అప్పుల్లో ఉన్న ఒకరి ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. మీ వయసు 41. సొంతంగా నడిపిన చిన్న వ్యాపారం మూతపడి ఎనిమిది నెలలైంది. రెండు క్రెడిట్ కార్డుల మీద, ఒక పర్సనల్ లోన్ కింద, ఇద్దరు స్నేహితుల దగ్గర చేబదులుగా బాకీ ఉంది. మొత్తం ఎంతో మీరే సరిగ్గా చెప్పలేకపోతున్నారు. మీతో చదువుకున్నవాళ్లు ఇళ్లు కొనుక్కున్నారు, మీరు వాళ్ల ఫోన్లు ఎత్తడం మానేశారు. ఇంట్లో సగమే చెప్పారు. చివర్లో ఇలా అడిగారు: "సంపాదన లేని మనిషికి ఇంకేం విలువ మిగులుతుంది? దయచేసి ఓదార్పు మాటలు చెప్పకండి."

ఓదార్పు చెప్పను. నా జవాబు సూటిగా ఇది. మీ డబ్బు లెక్క వేరు, మీ విలువ లెక్క వేరు. ఆ రెండింటినీ మీరు ఒకే పుస్తకంలో రాసుకుంటున్నారు, అందుకే ఆ పుస్తకం తెరవలేకపోతున్నారు. వాటిని విడదీయాలి. డబ్బు పుస్తకం ఈ వారంలోనే తెరిచి అంకె తేల్చాలి. విలువ పుస్తకం ఆలోచిస్తూ కూర్చుంటే నిండదు, మీరు చేసే పనితో, మిమ్మల్ని నమ్ముకుని ఎదురుచూసే మనుషులతో నిండుతుంది. ముందు ఏది అంటారా? రెండూ ఒకే రోజు మొదలుపెట్టమంటాను. ఎందుకో కింద రాస్తాను.

దానికన్నా ముందు ఒక్క మాట. మీ ప్రశ్న మధ్యలో ఒక వాక్యం ఉంది: "నేను లేకపోతేనే మావాళ్లకు నయమేమో." దాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను. ఈ మాట నా ఎదురుగా కూర్చున్న చాలామంది నోట విన్నాను. నిద్ర లేక, లెక్క తేలక గడిచిన రాత్రుల్లో వచ్చే ఆలోచన అది. అది రోజూ వస్తుంటే, ఊహ దాటి ముందుకు వెళ్తుంటే, చదవడం ఇక్కడే ఆపి మీ పక్కనున్న మనిషికి ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పండి. పక్కన ఎవరూ లేకపోతే హెల్ప్‌లైన్‌కో డాక్టరుకో ఈ రోజే ఫోన్ చేయండి. అప్పుకు గడువు పెంచించవచ్చు, వడ్డీ తగ్గించమని అడగవచ్చు, చాలా చోట్ల దివాలా ప్రకటించడానికి చట్టంలోనే దారి ఉంటుంది. అలా మనిషిని పోగొట్టుకున్న ఒక ఇంటికి నేను వెళ్లాను. ఆయన భార్య అప్పు కాగితాలన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇంతేనా అండీ? దీనికోసమేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆయన లేకపోవడం ఆ ఇంట్లో ఎవరికీ నయం కాలేదు.

ఇక నా సంగతి. అప్పుల్లో ఇరుక్కున్నవాళ్లతో కూర్చుని లెక్క తేల్చడం, అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి వాయిదాలు మార్పించడం నా పని. పదహారేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ పనిలోకి నేను చదువుకుని రాలేదు, మునిగి వచ్చాను. 33 ఏళ్లప్పుడు ఒక భాగస్వామితో కలిసి పెట్టిన ప్రింటింగ్ పని దెబ్బతింది. తర్వాత రెండేళ్లు నా ఫోన్ ఎప్పుడు చూసినా బల్ల మీద బోర్లా పడి ఉండేది. మోగితే బల్ల సన్నగా అదిరేది. ఆ అదురు వినగానే నా మూడేళ్ల కూతురు ఆడుకుంటున్నది ఆపి నా మొహంలోకి చూసేది. మీరు రాసిన ప్రతి వాక్యం నాకు తెలిసినదే.

మన మాటల్లోనే ఒక చిక్కుంది, గమనించారా? ఉన్నవాళ్లు, లేనివాళ్లు అంటాం. ఏమి ఉన్నవాళ్లో, ఏమి లేనివాళ్లో చెప్పనే చెప్పం. చెప్పకుండానే అందరికీ అర్థమైపోతుంది. "వాళ్లు లేనివాళ్లు" అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనిషి, రేపు తన చేతిలో డబ్బు ఆడకపోతే "నా దగ్గర డబ్బు లేదు" అనుకోడు, "నేను లేనివాణ్ణి" అనుకుంటాడు. డబ్బు లేకపోవడం ఒక పరిస్థితి. లేనివాడు అయిపోవడం ఒక ముద్ర. పరిస్థితిని మార్చడానికి కాగితం, పెన్ను, కొన్ని నెలల ఓర్పు చాలు. ముద్ర పడిందనుకున్న మనిషి కాగితం ముట్టుకోడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిని ముంచింది తక్కువ సంపాదన ఒక్కటే కాదు, సిగ్గుతో లెక్క చూసుకోకుండా గడిపిన నెలలు.

ఒకావిడ కథ చెబుతాను, వివరాలు కొంచెం మార్చి. ఆమె ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట. ఒక్కటీ విప్పలేదు. రబ్బరు బ్యాండు ఎంత పాతదంటే లాగగానే పుటుక్కున తెగి కాగితానికి అంటుకుపోయింది. లెక్కపెడితే ఇరవై మూడు కవర్లు. కత్తెర ఆమె చేతికే ఇచ్చాను, నేను విప్పలేదు. మొదటి కవరు విప్పడానికి ఎంతసేపు పట్టిందో, మిగతా ఇరవై రెండింటికీ కలిపి అంతే పట్టింది. తేదీల వారీగా పేర్చాం. వాటిలో తొమ్మిది ఒకే బాకీకి మళ్లీ మళ్లీ పంపిన నోటీసులు, మూడు వట్టి ప్రకటనలు. చివరికి మొత్తం కూడితే ఆమె మనసులో మోస్తున్న అంకెకు సగం కన్నా కొంచెం ఎక్కువ తేలింది. "ఇన్నాళ్లూ దీనికేనా నేను భయపడింది" అంది. అందరికీ తక్కువే తేలుతుందని నేను మాటివ్వలేను. ఎక్కువ తేలినవాళ్లూ ఉన్నారు. కానీ అంకె ఎంతైనా, తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టిందని చాలామంది చెప్పారు. తెలియని అంకెకు హద్దు ఉండదు, అదే మనిషిని తినేస్తుంది.

కాబట్టి మొదటి పని: అన్ని బాకీలూ ఒకే కాగితం మీద రాయండి. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ నెలకు ఎంత శాతం, వాయిదా ఎంత, తేదీ ఏది. స్నేహితుల చేబదుళ్లు కూడా రాయండి, వడ్డీ గడిలో సున్నా వేయండి. ఆ రోజుకు ఇంకేమీ చేయకండి. పరిష్కారం వెతక్కండి. రాసి, మడిచి, పడుకోండి.

సిగ్గుతో ఆలస్యం చేస్తే ఎంత ఖరీదవుతుందో ఒక లెక్క చూపిస్తాను. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో 100 కాస్తా 24 నెలల్లో 203 అవుతుంది, జరిమానాలు కలపకుండానే. సరే, కార్డు మీద మినిమమ్ డ్యూ, అంటే నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం, కడుతున్నాం కదా అంటారా? అది బాకీలో 5 శాతం అనుకుందాం. కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా, 100 బాకీ 50కి దిగడానికి దాదాపు 32 నెలలు పడుతుంది. ఆ 32 నెలల్లో మీరు కట్టింది 120. 120 కట్టాక ఇంకా 50 మిగిలే ఉంటుంది. ఈ లెక్క చూపించినప్పుడు కొందరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. క్రమం తప్పకుండా కడుతున్నా తీరట్లేదంటే తమలోనే ఏదో లోపం ఉందని ఏళ్ల తరబడి అనుకుని ఉంటారు. లోపం వాళ్లలో లేదు, ఆ లెక్క నడిచే తీరే అంత.

ఎవరికి ముందు కట్టాలన్నది రెండో ప్రశ్న. గట్టిగా అరిచేవాళ్లకు ముందు కట్టకండి. తలమీద కప్పు, తిండి, కరెంటు, మందులు, పిల్లల చదువు వీటికి పక్కన పెట్టాకే మిగిలినదాన్ని పంచాలి. రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసే రికవరీ మనిషికి భయపడి ఇంటి అద్దె డబ్బు ఇచ్చేసి, తర్వాత అద్దెకోసం ఇంకో చోట ఎక్కువ వడ్డీకి తెచ్చినవాళ్లు నాకు ఎంతమందో తెలుసు. మిగిలినదాంట్లో లెక్క ప్రకారమైతే ఎక్కువ వడ్డీ ఉన్న బాకీ ముందు తీర్చాలి, మొత్తం మీద తక్కువ ఖర్చవుతుంది. కానీ మీలాగా ఆత్మవిశ్వాసం పూర్తిగా పడిపోయినవాళ్లకు నేను కొంచెం వేరుగా చెబుతాను. ముందు అన్నిటికన్నా చిన్న బాకీ ఒకటి పూర్తిగా తీర్చేయండి. కాగితం మీద ఆ గీత అడ్డంగా కొట్టడం మీ చేతికి తెలియాలి. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద పడండి. లెక్కలో కొంచెం నష్టమే, ఒప్పుకుంటాను. ఆరో నెలలో మొత్తం వదిలేసి మళ్లీ ఫోన్ బోర్లా పెట్టడం కన్నా అది చిన్న నష్టం.

వాయిదా తప్పాక ఫోన్ ఎత్తడం కన్నా, తప్పకముందే మీరే ఫోన్ చేయడం ఎప్పుడూ మేలు. "నా పరిస్థితి ఇది, నెలకు ఇంత కట్టగలను, గడువు పెంచుతారా, వడ్డీ ఆపుతారా" అని అడగండి. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మకండి. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తేవాలంటే వడ్డీ నిజంగా తక్కువగా ఉండాలి, పాత కార్డు మూసేయాలి. ఫోన్‌లో క్షణాల్లో వచ్చే అప్పులకు దూరంగా ఉండండి. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం: ఒక్క దెబ్బతో బయటపడిపోదామన్న ఆలోచన రాగానే ఆగిపోండి. సిగ్గులో ఉన్న మనిషికి నెమ్మదిగా ఎక్కే మెట్లు కనపడవు, అందరి ముందు ఒక్కసారిగా నిలబడాలనిపిస్తుంది. బెట్టింగులు, డబ్బు రెట్టింపు చేస్తామనే స్కీములు ఆ తొందర మీదే బతుకుతాయి.

డబ్బు పుస్తకం గురించి ఇంతకన్నా రాయను, ఇది మీరు చేయగలరు. మీ అసలు ప్రశ్న రెండో పుస్తకం గురించి.

ఒక విషయంలో మీకు అబద్ధం చెప్పదలచుకోలేదు. "డబ్బుదేముందండీ, మనశ్శాంతి ముఖ్యం" అనే మాట నేను ఎవరికీ చెప్పను. డబ్బు ముఖ్యమే. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే పరిశోధకులు ఒక స్థాయి దాటాక ఆదాయం పెరిగినా రోజువారీ సంతోషం పెరగదని లెక్క తేల్చారు. 2023లో అదే కానెమన్, తన లెక్కతో విభేదించిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్‌తో కలిసి మళ్లీ చూస్తే, ఎక్కువమంది విషయంలో ఆదాయంతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంది. అలా ఆగిపోయేది అప్పటికే బాగా దిగులులో ఉన్న కొద్దిమంది విషయంలోనే అని తేలింది. కాబట్టి డబ్బు కోసం మీరు బాధపడటం అత్యాశ కాదు, బలహీనతా కాదు.

ఆ సిగ్గు కూడా మీ ఒక్కరి మనసులో పుట్టింది కాదు. ఆర్థికశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు: నిజానికి నార చొక్కా (లినెన్ చొక్కా) లేకుండా మనిషి బతకగలడు, ప్రాచీన గ్రీకులు, రోమన్లు అది లేకుండానే హాయిగా బతికారు. అయినా తన కాలంలో కూలిపని చేసుకునేవాడు సైతం నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు అని. నలుగురిలో తలెత్తుకుని నిలబడటానికి ఏమేం కావాలో మనం నిర్ణయించం, చుట్టూ ఉన్నవాళ్లు నిర్ణయిస్తారు. మీ స్నేహితులు ఇళ్లు కొన్నారు కాబట్టి మీ లెక్కలో ఇల్లు నార చొక్కా అయింది. మీరు ఆ ఫోన్లు ఎత్తనిది వాళ్లేమన్నా అన్నారని కాదు కదా? వాళ్లు ఏమీ అనకముందే మీరే వాళ్ల తరఫున మీతో మాట్లాడేస్తున్నారు.

దీని మీద నాకొక అనుభవం ఉంది. సంగీతం నేర్పే ఒకాయన తన స్నేహితుడి దగ్గర చిన్న మొత్తం చేబదులు తీసుకున్నాడు. చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయాడు. ఆ స్నేహితుడు ఎదురొస్తే వేరే వీధిలోకి తిరిగిపోయేవాడు. అలా రెండేళ్లు గడిచాయి. నా కాగితం మీద ఆ బాకీ రాస్తూ గొంతు పూడుకుపోయింది ఆయనకు. "వెళ్లి కలవండి, డబ్బు లేకపోయినా వెళ్లండి" అన్నాను. వెళ్లాడు. ఆ స్నేహితుడు మొదట అడిగిన మాట: "నేనేం తప్పు చేశానని నాతో మాట్లాడటం మానేశావు?" రెండేళ్లూ ఆ మనిషి తన తప్పు కోసం వెతుక్కున్నాడు. డబ్బు సంగతి ఆయనకు గుర్తుంది, కానీ అది రెండో విషయం. స్నేహాన్ని చెడగొట్టింది బాకీ కాదు, మొహం చాటేయడం. మీ ఇద్దరు స్నేహితుల విషయంలోనూ ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు విలువ గురించి. ఇది అద్దం ముందు నిలబడి మనకు మనం చెప్పుకుంటే వచ్చేది కాదు. "నేను విలువైనవాణ్ణి" అని రోజూ పదిసార్లు రాయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను అప్పుల్లో ఉన్నప్పుడు ప్రయత్నించాను. నాలుగో రోజుకే అదొక అబద్ధంలా అనిపించి చిరాకు పుట్టింది.

పని పోయినప్పుడు జీతం ఒక్కటే పోదు. ఈ సంగతి నాకు బాగా అర్థమైంది ఒక పాత పరిశోధన చదివాక. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర మారీన్‌తాల్ అనే ఊరుంది. ఊరంతా ఒకే బట్టల ఫ్యాక్టరీ మీద బతికేది. 1930 వచ్చేసరికి అది మూతపడి దాదాపు ఊరు ఊరే నిరుద్యోగంలో పడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ తమ బృందంతో అక్కడికి వెళ్లి చూసి, 1933లో ఆ ఫలితాలు ప్రచురించారు. అందరూ అనుకునేదేమిటి? పని లేకపోతే బోలెడు తీరిక, ఇన్నాళ్లూ చేయలేనివన్నీ చేసుకోవచ్చని. అక్కడ జరిగింది వేరు. తీరిక పెరిగింది, ఊరి లైబ్రరీ నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మనుషులు నడిచే వేగం గడియారం పెట్టి చూశారు. మగవాళ్లు నెమ్మదిగా నడుస్తున్నారు, మాటిమాటికీ ఆగుతున్నారు. ఆడవాళ్లు వాళ్లకన్నా వేగంగా నడుస్తున్నారు, ఇంటిపని వాళ్ల కోసం కాచుకుని ఉంది కాబట్టి. ఇవాళ ఏం చేశారో చెప్పమంటే ఆ మగవాళ్లు రెండు మూడు విషయాలకు మించి చెప్పలేకపోయారు.

నేను ఆ నడక దగ్గర ఆగిపోయాను. మా వీధిలో నేనూ అలాగే నడిచేవాణ్ణి. ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషి నడక అది. యహోదా తర్వాత కాలంలో వివరంగా రాసింది, పని మనకు జీతంతోపాటు ఇంకా ఏమేం ఇస్తుందో: రోజుకు ఒక ఆకారం, ఇంటి బయట మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి ఒకటి సాధిస్తున్నామన్న భావం, నలుగురిలో ఒక స్థానం, ఏదో ఒకటి క్రమంగా చేసే అలవాటు. మీరు "నా విలువ పోయింది" అంటున్నారే, ఈ ఐదూ ఒకేసారి పోయాయి. జీతం వెంటనే తిరిగి తెచ్చుకోలేకపోవచ్చు. ఈ ఐదింటిలో మూడు మాత్రం ఈ వారంలో తెచ్చుకోవచ్చు, డబ్బు ఖర్చు లేకుండా.

నేను చేసింది చెబుతాను. మా వీధి చివర ఒక పెద్దాయనకు చూపు బాగా తగ్గిపోయింది. రోజూ పొద్దున ఏడున్నరకు వెళ్లి పేపరు చదివి వినిపించేవాణ్ణి. గొప్ప సేవ అని మొదలుపెట్టలేదు, ఇంట్లో ఉండలేక వెళ్లాను. మూడో వారంలో ఒక రోజు మనసు బాగోలేక వెళ్లలేదు. ఎనిమిదింటికి ఆయన చేతికర్రతో గోడ పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి, "ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను నాయనా" అన్నాడు. ఆ కర్ర చివర మట్టి మా మెట్టు మీద చిన్న గుండ్రటి గుర్తుగా పడింది. రెండేళ్లలో నేను ఎవరికైనా బాకీ ఉన్నందుకు కాకుండా, నేను కనపడలేదన్నందుకు ఒక మనిషి మా ఇంటికి రావడం అదే మొదలు. ఆ రోజు బోర్లా ఉన్న ఫోన్ తిప్పి, అప్పిచ్చిన ఒకరికి నేనే ఫోన్ చేశాను. రెండు పుస్తకాలూ ఒకే రోజు మొదలుపెట్టమన్నది ఇందుకే. విలువ పుస్తకంలో ఒక్క పద్దు పడితే గానీ డబ్బు పుస్తకం తెరవడానికి చెయ్యి రాలేదు నాకు.

ఇది నా ఒక్కడి కథ కాదనిపించేలా ఒక పరిశోధన ఉంది. 2014లో క్రిస్టల్ హాల్, జియాయింగ్ జావో, ఎల్డార్ షఫీర్ అమెరికాలోని న్యూజెర్సీలో, పేదవాళ్లకు ఉచితంగా భోజనం పెట్టే ఒక చోట ఈ ప్రయోగం చేశారు. కొంతమందిని తాము గర్వపడ్డ ఒక సంఘటన కొద్ది నిమిషాలపాటు రికార్డర్‌లో చెప్పమన్నారు. అలా చెప్పినవాళ్లు ఆ తర్వాత ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా చేశారు, తమకు రావాల్సిన ప్రభుత్వ సహాయాల వివరాలున్న కాగితాలు తీసుకోవడానికి కూడా ఎక్కువగా ముందుకొచ్చారు. నన్ను కదిలించింది ఆ రెండో విషయం. పేదరికం వల్ల కాకపోయినా అవమానం వల్ల మనిషి తనకు పనికొచ్చే కాగితం దగ్గరికి కూడా వెళ్లడు. తను ఏదో ఒకటి బాగా చేసిన మనిషినని గుర్తుకొస్తే చెయ్యి చాస్తాడు. అంతకుముందు ఏడాది, 2013లో, షఫీర్ బృందం తమిళనాడు చెరకు రైతులనే కోతకు ముందు, కోత తర్వాత పరీక్షించింది. చేతిలో డబ్బు ఆడని కోత ముందు రోజుల్లో అదే రైతు ఆలోచన మందగించిందని వాళ్లు రాశారు. ఆ లెక్క మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి గానీ, నా అనుభవానికి అది దగ్గరగానే ఉంది. డబ్బు టెన్షన్‌లో మీరు తీసుకున్న తప్పుడు నిర్ణయాలను చూసి "నాకు తెలివి లేదు" అనుకోకండి. అదే తలకాయ వేరే బరువు మోస్తూ పనిచేసింది.

మీరు చేయదగ్గవి మూడు. రోజూ ఒకే వేళకు ఇల్లు కదిలి వెళ్లే పని ఒకటి పెట్టుకోండి, అక్కడ మీకోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తుండాలి. మీ వ్యాపారంలో మీరు బాగా చేసిన ఒక పని గురించి, ఒక కష్టమైన ఆర్డర్ ఎలా పూర్తిచేశారో, ఎవరి జీతం ఆలస్యం కాకుండా ఎలా చూసుకున్నారో, ఎవరో ఒకరికి నోరు విప్పి చెప్పండి. రాయడం కాదు, చెప్పండి. ఇంకొకటి, మీకు తెలిసిన విద్య ఎవరికైనా ఒకరికి నేర్పండి. వ్యాపారం పోయిందే గానీ, కొన్నేళ్లపాటు సరుకు లెక్క, మనుషుల లెక్క చూసిన మీ కన్ను పోలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ కన్ను కావాలి. నిజానికి నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరికి తర్వాత సంపాదన ఆ నేర్పడంలోంచే మొదలైంది. దాని కోసమని చేయకండి, అయినా జరుగుతుంది ఒక్కోసారి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు. రెండో పుస్తకం పేరు చెప్పి మొదటిదాన్ని అటకెక్కించేవాళ్లను కూడా చూశాను. ఒకాయన రోజంతా వైరాగ్యం గురించి వింటూ, "ధనం శాశ్వతం కాదు" అంటూ నోటీసులు పక్కన పడేసేవాడు. చివరికి ఆ నోటీసులకు ఆయన భార్య ఒంటరిగా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఇంకొకరి నెత్తిన బరువు పెట్టి మనం తేలికపడటం విలువ కాదు. అలాగే, నిద్ర రెండు వారాలకు మించి చెడితే, ఏ పనిమీదా మనసు పోకపోతే, నేను చెప్పిన చిట్కాలు సరిపోవు, డాక్టరును చూడండి. అప్పు తీరాక బాగవుతుందిలే అని వాయిదా వేయకండి. బాగాలేని మనసుతో అప్పు తీరదు. ఇంకో మాట: ఊరికే చేసే పని అంటూ మిమ్మల్ని వాడుకునేవాళ్లు దొరుకుతారు. రోజుకు ఒక గంట చాలు, మిగతాది ఉద్యోగం వెతుక్కోవడానికి ఉంచుకోండి. మీ పాత హోదాకు తగ్గ పని దొరికేదాకా ఆగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. వచ్చిన పని చేస్తూ మంచిది వెతకండి. పని చిన్నదని మిమ్మల్ని తక్కువ చూసేవాళ్లు ఉంటారు, నిజమే, అది నొప్పిస్తుంది. ఆ నొప్పి సాయంత్రానికి తగ్గుతుంది. ఖాళీగా కూర్చున్న నొప్పి సాయంత్రానికే పెరుగుతుంది.

చివరగా, "ఇంట్లో ఎలా చెప్పాలి" అని అడిగారు. ఎక్కువమంది ఇక్కడ చేసే పొరపాటు, క్షమాపణతో మొదలుపెట్టడం. "నన్ను క్షమించు, నేను మీకేమీ చేయలేకపోయాను" అనగానే మీ భార్య మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది, అసలు విషయం అక్కడే ఆగిపోతుంది. మళ్లీ సగమే చెప్పినట్టవుతుంది. ముందు కాగితం రాసుకోండి, నేను చెప్పిన పద్ధతిలో. పిల్లలు పడుకున్నాక, ఇద్దరూ ఒకే వైపు పక్కపక్కన కూర్చోండి, ఎదురెదురుగా వద్దు. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. కాగితం మధ్యలో పెట్టి ఇలా చెప్పండి: "నీకు సగమే చెప్పాను. మొత్తం ఇది. నెలకు ఇంత కట్టగలమని నా అంచనా. నువ్వు ఒకసారి చూసి ఎక్కడ తప్పుందో చెప్పు." ఆ ఆఖరి వాక్యం వదిలేయకండి. దానితో ఆమె మీ తప్పులు ఎంచే మనిషి కాకుండా మీతో కలిసి లెక్క చూసే మనిషి అవుతుంది. కోపం రావచ్చు. అప్పు గురించి కన్నా దాచినందుకు వస్తుంది. ఆ కోపాన్ని ఆపకండి, వాదించకండి, లేచి వెళ్లిపోకండి. నా భార్య ఆ రాత్రి గంటసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసుకుని, నేను కూడిక తప్పు చేసిన చోట దిద్దింది.

మీ కాగితం రాశాక, కుదిరితే ఎన్ని పద్దులు తేలాయో నాకు చెప్పండి. మొత్తం అంకె చెప్పక్కర్లేదు. వడ్డీ శాతం, వాయిదా రాసి పెడితే ఏది ముందు తీర్చాలో కలిసి చూద్దాం. రేపు పొద్దున మీరు ఏ వేళకు, ఎవరి దగ్గరికి వెళ్లాలనుకుంటున్నారో అది కూడా రాయండి.